తలుపున్న చెట్టు: ఒక కోళ్ల గూడు ఆత్మకథ

నన్ను చూసినవాళ్లు ముందుగా అనే మాట, "బుల్లి ఇల్లులా ఉందే!" అని. మెచ్చుకోలు మాటే గానీ అందులో ఒక పొరపాటుంది. నేను కోళ్ల గూడును. నాలుగు సరుగుడు కాళ్లు, పాత తలుపుల నుంచి ఊడదీసిన చెక్కలు, వెదురు బద్దల నేల, తాటాకు కప్పు, రెండు బందులు, ఒక గొళ్లెం... నా ఒళ్లంతా కలిపి ఇంతే. పెరటి మూల, వేపచెట్టు నీడన, కొన్న సామాను తక్కువా ఏరిన సామాను ఎక్కువా అయి పుట్టే జాతి మాది. మమ్మల్ని కట్టే మనిషి కట్టేటప్పుడు తన ఇంటినే తలుచుకుంటాడు. గాలి దూరని గోడలు, చదునైన నేల, దానిమీద మెత్తని పడక, ఎండావానా తగలని చీకటి మూల. తనకు సుఖమైనది కోడికీ సుఖమేననుకుంటాడు. కోడికి కావలసింది ఇల్లు కాదు, చెట్టు. కాకపోతే రాత్రిపూట తలుపు వేసుకునే వీలున్న చెట్టు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. దానికి సాక్ష్యాలు నా ఒంటిమీదే ఉన్నాయి.

మా పూర్వీకుల కథ వెతుక్కుంటూ పోతే ఏ మేడా తగలదు, కొమ్మే తగులుతుంది. ఈనాటి పెంపుడు కోళ్లకు మూలం ఆగ్నేయాసియా అడవుల్లోని ఎర్ర అడవికోడి. పగలంతా నేల కెలికి గింజా పురుగూ ఏరుకుని, పొద్దు వాలగానే కొమ్మెక్కడం దాని అలవాటు. థాయిలాండ్‌లోని బాన్ నోన్ వాట్‌లో దొరికిన కోడి ఎముకలు క్రీస్తుపూర్వం 1650–1250 నడిమి కాలానివనీ, కచ్చితంగా పెంపుడు కోడివని చెప్పగలిగినవాటిలో అవే పాతవనీ 2022లో పరిశోధకులు ప్రకటించారు. వరి, చిరుధాన్యాల సాగు ఆ అడవిపక్షిని ఊళ్ల దగ్గరికి లాగిందని వాళ్లంటారు. గింజ కోసం వచ్చిన పక్షి గింజకు అలవాటు పడింది గానీ కొమ్మను మరవలేదు. దాని కాలే అందుకు రుజువు. కోడి ముడుచుకు కూర్చోగానే కాలి మడతతోపాటు వెనక స్నాయువు బిగుసుకుని, వేళ్లు వాటంతటవే కర్రను పట్టేస్తాయి. అలా పట్టుకునే నిద్రపోతుంది. కాబట్టి నన్ను కట్టేవాళ్లు గోడల కన్నా ముందు అడ్డకర్రను ఆలోచించాలి. 2 అంగుళాల వెడల్పున్న కర్ర తీసుకుని, అంచులు చెక్కి నునుపు చేసి, ఒక్కో కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు లెక్కన అమర్చాలి. ఇదే నాకు కొమ్మ. నాలో మిగతాదంతా దీని చుట్టూ కట్టుకున్నదే.

చెట్టే కావాలంటే చెట్టుమీదే వదిలేయొచ్చుగా, మధ్యలో నీ బోడి పెత్తనమేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అడవికోడి తేలికైన పక్షి, అలికిడైతే రివ్వున ఎగిరిపోగలదు. మనిషి చేరదీశాక కోడి ఒళ్లు చేసింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా లాంటి బరువైన రకాలకు కొమ్మ అందడం కష్టం. వాటి కోసం అడ్డకర్రను అడుగున్నర ఎత్తుకు దించవలసిందే, లేకపోతే దూకినప్పుడల్లా కాళ్లకు దెబ్బ. దీనికితోడు కోడికి రేచీకటి. పగలు మనకన్నా ఎక్కువ రంగులు చూసే ఆ కన్ను చీకటి పడితే దాదాపు పనికిరాదు. కొమ్మెక్కిన పునుగుపిల్లికి అది కదలకుండా దొరుకుతుంది. చెట్టు కోడికి ఎత్తునీ గాలినీ ఇచ్చింది గానీ తలుపు ఇవ్వలేకపోయింది. ఆ లోటు తీర్చడానికే నా పుట్టుక.

తలుపంటే చెక్క ఒక్కటే కాదు. నా ఒంట్లో వేలు దూరే సందు ఎక్కడున్నా అదీ తలుపే, మూయనిది. ఆరు పలకల కన్నులుండే సన్న తీగ జాలిని 'కోళ్ల జాలి' అని అమ్ముతారు. అది కోడిని లోపల ఆపుతుంది గానీ బయటి కుక్క పళ్లను ఆపదు. అరంగుళం కన్నుల వెల్డ్‌మెష్ అయితే రెంటినీ ఆపుతుంది. ముంగిస, పందికొక్కు గోడ జోలికి రావు, నేల తవ్వుకుని వస్తాయి. అందుకే నన్ను నేలకు రెండడుగుల ఎత్తున కాళ్లమీద నిలబెట్టడం మేలు. నేలమీదే కట్టక తప్పకపోతే జాలిని గోడ బయటికి అడుగు మేర పరిచి మట్టి కప్పాలి. గోడ మొదట్లో తవ్వబోయిన గోళ్లకు జాలి అడ్డం తగులుతుంది. ఇక గొళ్లెం. కట్టినవాళ్లు ఎక్కువగా తేలిగ్గా తీసుకునేది దాన్నే. తాడు కట్టిన తలుపును పిల్లి మూతితో నెట్టి సందు చేసుకోగలదు. కొక్కెం పడి, మీద చీల దిగే గొళ్లెం దగ్గర దాని పప్పులుడకవు.

మనిషి ఇంటిని చూసి నన్ను కట్టడంలో ఉన్న ముప్పు అసలు బయటపడేది గాలి దగ్గర. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. దానికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి, ఊపిరితోపాటు తేమను బయటికి పంపితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన ఎండాకాలంలో, రేకు కప్పు కింద, నాలుగు వైపులా మూసిన గూట్లో ఆ తేమ ఎక్కడికి పోతుంది? పైగా రాత్రంతా అడ్డకర్ర కింద రెట్ట పడుతూనే ఉంటుంది. అది తడిసి కుళ్లితే అమ్మోనియా పుట్టి కోడి కళ్లనూ ఊపిరి గొట్టాలనూ తినేస్తుంది. దీన్ని తేల్చుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. తెల్లవారి తలుపు తీయగానే వంగి, అడ్డకర్ర ఎత్తులో మీ ముక్కు లోపల పెట్టండి. కళ్లు చురుక్కుమంటే కోళ్లు రాత్రంతా ఆ మంటలోనే ఉన్నట్టు. అందుకే నా గోడల పైభాగమంతా జాలిగా ఉండాలి. పొడుగు వైపు తూర్పు పడమరలుగా సాగితే ఎండ నిలువుగోడలమీద తక్కువ పడుతుంది. చూరు రెండడుగులు ముందుకు దిగితే జల్లు లోపలికి రాదు. తాటాకు లేక రేకే వేస్తే పైన సున్నం కొట్టి గడ్డి పరవాలి. పగలంతా పెరట్లో తిరిగే కోడికి రాత్రి రెండు చదరపుటడుగులు చాలు, పగలూ మూసే ఉంచితే నాలుగైనా కావాలి.

గుడ్ల పెట్టె దగ్గర నా మాటకు ఎదురుసాక్ష్యం దొరికినట్టు అనిపిస్తుంది. నిద్రకు ఎత్తూ గాలీ వెతుక్కునే పక్షే గుడ్డు పెట్టడానికి మాత్రం ఇరుకునీ చీకటినీ వెతుక్కుంటుంది. అయితే ఇదీ అడవి నేర్పిన బుద్ధే. అడవికోడి పడుకునేది కొమ్మమీద, గుడ్డు పెట్టేది పొద చాటున నేలమీద. కాబట్టి అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న పెట్టె నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, ఎండుగడ్డి పరిచి, అడ్డకర్ర కన్నా కిందుగా పెట్టాలి. పైన పెడితే అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే కనక కోళ్లు అందులోనే పడుకుని రెట్టతో నింపుతాయి, తెల్లవారితే గుడ్డు మురికిది దొరుకుతుంది. కొమ్మా పొదా వేర్వేరని తెలియని గూటిలో రెండూ చెడతాయి.

ఇది నా సొంత డాబు అనుకోకండి. కోళ్లను వరసగా ఇనుప పంజరాల్లో పెట్టిన పరిశ్రమే చివరికి ఈ మాట ఒప్పుకోవలసి వచ్చింది. ఐరోపా సమాఖ్య 1999లో చేసిన నిబంధనతో 2012 జనవరి 1 నుంచి అక్కడ ఉత్త పంజరాలు చెల్లవు. పంజరం వాడితే అందులో గుడ్డు పెట్టే చోటు, గోకడానికి చెత్త, కోడికి 15 సెంటీమీటర్ల లెక్కన అడ్డకర్ర ఉండి తీరాలి. తిండీ నీళ్లూ పంజరంలో ముందే ఉన్నాయి. చట్టం కొత్తగా చేర్పించినవి కొమ్మ, పొద, అడవినేల. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ఈ కథ చెప్పుకోవలసిన అవసరం మరీ ఉంది.

"మా అమ్మమ్మ గంప కింద మూసి, పైన రాయి పెట్టి పెంచలేదా?" అన్నది నేను తరచూ ఎదుర్కొనే ప్రశ్న. గంపంటే నాకు గౌరవమే. పిల్లల కోడిని పగటిపూట గద్ద నుంచి కాకి నుంచి కాయడానికి గంపను మించింది లేదు. అయితే ఆ గంప ఉన్నది వసారాలో. పక్కనే మనుషులు పడుకునేవాళ్లు, వాకిట్లో కుక్క ఉండేది. అసలు గూడు ఆ ఇల్లే, గంప దానిలో ఒక అర మాత్రమే. ఇప్పుడు మనుషులు తలుపులేసుకుని ఫ్యాన్ కింద పడుకుంటున్నారు. ఆ కాపలా లేని గంప పది కోళ్లకు చాలదు. సంక్రాంతి పుంజుకు బాదంపప్పు, జీడిపప్పు పెట్టే ఊళ్లలోనే గుడ్డు పెట్టే పెట్టకు పగిలిన గంప మిగలడం మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఖర్చు లెక్క తీసేవాళ్లకు నా జవాబు సూటిగానే ఉంటుంది. అంగట్లో ఫారం గుడ్డు చవక. ఒక్క గుడ్ల ధరతోనే నా ఖర్చు రాబట్టాలనుకుంటే చాలా కాలం పడుతుంది. కానీ లెక్కలో రెండో వైపు ఉన్నది పోయే కోడి. నాటు పెట్ట ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది, పొదగేస్తే 21 రోజుల్లో పిల్లల్ని లేపుతుంది. దాన్ని ఒక రాత్రి పునుగుపిల్లి ఎత్తుకుపోతే ఆ ఏటి గుడ్లూ పిల్లలూ కలిపి పోయినట్టే. గొళ్లెం ధరను దానితో పోల్చి చూడండి. వంటింటి నూకలు, తవుడు, కూరల తుక్కు తిని నాలో కోళ్లు వేసే పెంట పెరటి పాదులకు ఎరువవుతుంది. అది ఏ చిట్టాలోకీ ఎక్కని ఆదాయం.

ఇక రోగాల సంగతి. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మలా, నేనుంటే రోగమే రాదని అనను. మన దేశంలో రాణిఖేత్ దగ్గర గుర్తించిన కొక్కెర తెగులు ఇప్పటికీ పెరటి కోళ్లను ఊడ్చేస్తూనే ఉంది. దానికి టీకాయే దారి. మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిదో వారంలో సూది. పగలు పెరడంతా తరిమినా చిక్కని కోళ్లు, చీకటి పడ్డాక నా అడ్డకర్రమీద చేతికందేలా కూర్చుని ఉంటాయి. వాటిని చిక్కులో పడేసిన రేచీకటే అప్పుడు టీకా వేసేవాళ్లకు అక్కరకొస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వచ్చిన బర్డ్ ఫ్లూ లాంటిది నీటిపక్షుల రెట్టతో పాకుతుంది. మేతా నీళ్లూ ఆరుబయట కాకుండా నా కప్పు కింద పెడితే ఆ తాకిడి తగ్గుతుంది. కోళ్లు ఉన్నట్టుండి చస్తే పశువైద్యుడికి చెప్పాలి. ఆ పని నా చేతిలో లేదు, మీ చేతిలోనే ఉంది.

నాకూ ముసలితనం వస్తుంది. తాటాకు చివుకుతుంది, చెక్కల సందుల్లో కోడిపేలు చేరతాయి. సందులకు సున్నం పట్టించి, అడ్డకర్రకు వేపనూనె రాసి, కింద పరిచే ఊకా బూడిదా మారుస్తూ ఉంటే ఇంకొన్నేళ్లు నిలబడతాను. నాలాంటి దాన్ని కట్టాలనుకునేవాళ్లకు ఒక్క మనవి. సుత్తి పట్టుకునే ముందు ఒక సాయంత్రం పెరట్లో ఊరికే నిలబడండి. దీపాలు పెట్టే వేళకు కోళ్లు ఎటు చూస్తాయో, ఏ కొమ్మకో ఏ గోడకో ఎంత ఎత్తుకు ఎగరబోతాయో గమనించండి. మీ అడ్డకర్ర ఎత్తు అదే. మిగతా కొలతలు దాన్నిబట్టి వేసుకోండి. రాత్రి పడుకోబోయే ముందు గొళ్లెం పడిందో లేదో ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి.