నన్ను రోడ్డెక్కించండి

నేను విల్లీస్ జీపుని. 1943లో అమెరికాలోని టొలీడోలో మిలిటరీ కోసం తయారయ్యాను. నాలుగు సిలిండర్లు, 60 హార్స్‌పవర్. నా హెడ్‌లైటు నట్టు విప్పి దీపాన్ని వెనక్కి తిప్పితే వెలుగు ఇంజిన్ మీద పడుతుంది. చీకట్లో అడవిలో ఆగిపోయినా రిపేరు చేసుకోవాలని అలా పెట్టారు. ఖమ్మంలో నన్ను చూడవచ్చినవాళ్ళకి మా ఓనరుగారు ముందు చూపించేది అదే. చూపించి, తుడిచి, కవరు కప్పేస్తారు.

యుద్ధం ముగిశాక వేలంలో ఓ అడవి కాంట్రాక్టరు నన్ను కొన్నాడు. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది 1965లో. అందాకా పంటు మీదే ఏరు దాటాను. ఎండాకాలం తునికాకు కల్లాలకి, మిగతా రోజుల్లో దుమ్ముగూడెం, చర్ల గూడేలకి. జ్వరం వచ్చినవాళ్ళూ, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళూ నా వెనక సీట్లోనే ఆసుపత్రికి చేరారు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది. ఈనాటికీ రికార్డు అదే. నీళ్ళలోకి దిగేముందు డ్రైవరు నా ఫ్యాను బెల్టు ఊడదీశాడు. ఫ్యాను తిరిగితే నీళ్ళు ఇంజిన్ మీద చిమ్ముతాయి మరి. డిస్ట్రిబ్యూటరు మూత చుట్టూ గ్రీజు పూశాడు. ఫోర్‌వీల్ వేసి, లో గేరులో, యాక్సిలరేటరు మీంచి కాలు తీయకుండా నడిపాడు. తీస్తే సైలెన్సర్లోకి నీళ్ళొస్తాయి. వెనక బాలింత, పసిగుడ్డు, ఇద్దరు ముసలివాళ్ళు. మెరక చేరాం. అంతకంటే మంచిరోజు నాకు లేదు.

మా ఓనరుగారికి నేనంటే ప్రాణం. అసలు పార్టులు ఎక్కడెక్కడి నుంచో తెప్పించారు. గీత పడుతుందనే ఆయన భయం. గీత పడితే పెయింటు వేయొచ్చు. నిలబడి ఉంటే మాత్రం పెట్రోలు కార్బ్యురేటరులో జిగురై జెట్లు మూసుకుపోతాయి. బ్రేకాయిలు చెమ్మ పీల్చి వీల్ సిలిండర్లకి తుప్పు పట్టిస్తుంది. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కుంటుంది. నెలకోసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్టు చేస్తారు. అదింకా చేటు: ఇంజిన్ సరిగా వేడెక్కదు, పుట్టిన తేమ ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ ఉండిపోతుంది. దేశంలో ఎన్ని షెడ్లలో నా తోటివాళ్ళు ఇలా లోపల్లోపల పాడైపోతున్నారో!

చట్టం అడ్డం అంటారు. కాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకీ కిరాయికీ తిప్పకూడదు గానీ ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి రోడ్డెక్కించొచ్చు.

అయ్యా, ఈసారి మెకానిక్కుని షెడ్డుకి పిలిపించకండి. ఆయనుండేది కొత్తగూడెంలో. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా నన్నే తోలుకెళ్ళండి. ముందు పాత పెట్రోలు తీయించి, బ్రేకులు చూపించండి. ఫస్టు గేరులోకి దించేటప్పుడు డబుల్ క్లచ్ కొట్టండి. రెండు మూడుసార్లు కిర్రుమన్నా కంగారుపడొద్దు, అలవాటైపోతుంది.