ఎలుకకు తగ్గింది, మీకూ తగ్గుతుంది!

బీపీ ఉందా? నాలుక కింద రెండు చుక్కలు వేసుకోండి. అంతే! ఫోన్ తెరిస్తే ఇదే పాట. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, చేతిలో ఆకుపచ్చ సీసా. సీసాలో 'విజయ' తైలం. అంటే గంజాయి మొక్కే. కానీ ఆ మాట అనకూడదు, చట్టం ఒప్పుకోదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూతను గంజాయి అంది, ఆకును వదిలేసింది. ఆ సందులోంచి ఆయుష్ లైసెన్సు పట్టుకుని ఏకంగా ఓ వ్యాపారమే దూరిపోయింది.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. మూట మోసిన మన్యం కుర్రాడికి జైలు. సీసాలో పోసి అమ్మే సారుకు లైసెన్సు. సరే, ఆ భాగోతం ఇంకోసారి. ముందు ఈ చుక్కల సంగతి తేలుద్దాం.

"రక్తనాళాలను సడలిస్తుందని సైన్సు తేల్చేసింది" అంటారు. ఎవరి రక్తనాళాలనండీ? 2017లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు 9 మంది మగవాళ్లకు ఒక్క మోతాదుగా 600 మిల్లీగ్రాముల సీబీడీ ఇచ్చారు. గంజాయి మొక్కలో ఉండే పదార్థమే అది. పై బీపీ 6 పాయింట్లు తగ్గింది. నిజమే. ఆ తొమ్మిది మందిలో బీపీ రోగులెందరు? సున్నా!

ఏళ్ల తరబడి ఒత్తిడి తిన్న నాళం గోడ మందమవుతుంది. లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను సరిగా వదలలేదు. సీబీడీ లాంటి కానబినాయిడ్లు నాళాన్ని సడలించే దారుల్లో అదీ ఒకటి. ఆ దారే పూడిపోతే?

పోనీ, ఎలుకల్ని అడుగుదాం. జపాన్‌లో 1963లో ఒకమోటో, అవోకి అనే ఇద్దరు బీపీ దానంతటదే వచ్చే ఎలుకల జాతిని తయారుచేశారు. 2004లో అమెరికాలో వాటికి మత్తిచ్చి పరీక్షించారు. గుండెలో, బృహద్ధమని లోపలి పొరలో కానబినాయిడ్లు అతుక్కునే సీబీ1 గ్రాహకాలు ఎక్కువగా కనిపించాయి. ఒంట్లో సహజంగా తయారయ్యే కానబినాయిడ్ ఆనందమైడ్‌ను ఎక్కిస్తే మామూలు ఎలుకల కన్నా వీటికే బీపీ ఎక్కువగా పడిపోయింది. ఇంకేం, పండగే! కాస్త ఆగండి. మెలకువలో ఉన్న ఎలుకల దగ్గరికొస్తే లెక్క మళ్లీ మారింది. నాళాల్ని బయటికి తీసి చూస్తే ఏ నాళం తీరు దానిదే. బీపీ వచ్చిన నాళం ఆరోగ్యమైన నాళంలా స్పందించదు. సైన్సు చెప్పింది ఇదీ. ప్రకటనలో ఈ ముక్క ఏది?

బీపీ రోగుల మీద పరీక్షలే జరగలేదా? జరిగాయి. క్రొయేషియాలో 5 వారాలు సీబీడీ ఇచ్చారు. కొద్దిగా తగ్గింది కూడా. అదీ రోజుకు వందల మిల్లీగ్రాములిచ్చి, డాక్టర్ల నిఘాలో! మీ రెండు చుక్కల్లో ఎంతుంది? సీసా మీద వెతుక్కోండి. పనిలో పనిగా ఓ భూతద్దం కూడా ఆర్డరు పెట్టండి.

పైగా విజయలో సీబీడీ ఒక్కటే ఉంటుందా? మత్తెక్కించే టీహెచ్‌సీ కూడా ఉంటుంది. అది గుండెను పరుగెత్తిస్తుంది. కొందరికి లేచి నిలబడగానే బీపీ ఢమాల్న పడేస్తుంది. అర్ధరాత్రి బాత్రూముకు లేచిన పెద్దాయన తుంటి విరగ్గొట్టుకుంటే ఏ కస్టమర్ కేర్ వస్తుంది? బీపీ మాత్ర అమ్లోడిపిన్‌ను విరగ్గొట్టే కాలేయ ఎంజైమును సీబీడీ అడ్డుకోగలదు. మరి పొద్దున వేసుకున్న మాత్ర సంగతేమిటి? తెల్లకోటు దీనికి నోరు విప్పదు. విప్పితే సరుకు పోదు.

దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతానికి బీపీ ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. సర్కారుకది సమస్య. చుక్కలు అమ్మేవాళ్లకది మార్కెట్. రెండు మూడు రూపాయల అమ్లోడిపిన్‌కు మోడలూ లేడు, పాటా లేదు. పీహెచ్‌సీలో అడిగితే ఒక్కోసారి స్టాకూ లేదు.

సీసా కొంటే డాక్టర్ సలహా ఫ్రీ అట. ఫారం నింపాలి. పిన్‌కోడ్ తప్పు పడితే మూడుసార్లు ఫోన్ చేస్తారు. బీపీ ఎంతో రాయాల్సిన గడి ఖాళీగా వదిలేస్తే? ఆర్డర్ కన్ఫర్మ్!