తుఫాను కన్నులో మొక్కు

నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఇప్పుడు చెప్పబోయేది విన్న కొందరు, ఈవిడకి నమ్మకం పోయింది కాబోలు అనుకున్నారు. పోలేదు. కాకపోతే ఆ నమ్మకాన్ని పట్టుకుని నేను ఒకసారి చాలా మూర్ఖంగా మాట్లాడాను. ఆ మాటకి దెబ్బ తగిలింది నాకు కాదు, నన్ను నమ్మిన ఇంకో మనిషికి.

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాళ్ళకి ఒకప్పుడు పెద్ద ధీమా ఉండేది. బంగాళాఖాతంలో ఏ మూల వాయుగుండం పుట్టినా మన ఊరి మీదికి రాదు, కాకినాడ వైపో ఒడిశా వైపో తిరిగిపోతుంది అనేవాళ్ళు. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా ఉందని కొందరు, సింహాద్రి అప్పన్న కాచుకుని కూర్చున్నాడని చాలామంది. మా అమ్మ రెండోది నమ్మేది. నేనూ అదే నమ్మాను. రేడియోలో తుఫాను హెచ్చరిక వినపడగానే దేవుడి గదిలో దీపం పెట్టి, "స్వామీ, మా మీదికి రాకుండా తప్పించు" అని దండం పెట్టుకోవడం మా ఇంట్లో అలవాటు.

తప్పించు అంటున్నామే, ఆ తుఫాను మరి ఎటు పోవాలి? ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

2013లో దసరా నవరాత్రుల్లో ఫైలిన్ తుఫాను వచ్చింది. అక్టోబరు 12 రాత్రి ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రంతా టీవీ ముందు కూర్చుని, అది మన వైపు తిరగలేదని తేలాక హారతి ఇచ్చాను. ఆ తర్వాత సింహాచలం వెళ్ళి, కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కు తీర్చుకున్నాను. కనపడిన వాళ్ళందరికీ అప్పన్న మహిమ చెప్పాను. గోపాల్‌పూర్ తీరంలో వలలు వేసేవాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడే జాలర్లే. బరంపురంలోనూ మనవాళ్ళు చాలామందే. వాళ్ళూ ఆ రాత్రి ఎవరో ఒక తల్లికి మొక్కుకునే ఉంటారు. ఇటు శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు తోటలు దెబ్బతిన్నాయి. అక్కడివాళ్ళకీ కులదైవాలున్నాయి. ఒడిశా ప్రభుత్వం ముందే దాదాపు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు చేర్చింది కాబట్టి ప్రాణనష్టం తగ్గింది. ఆ పని చేసినవాళ్ళను తలుచుకుని ఒక్క దండం పెట్టలేదు నేను. నా ఇంటి కిటికీ అద్దం పగలలేదని పెట్టాను.

సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ వచ్చింది. ఆదివారం. ఈసారి వాతావరణ శాఖ మూడు నాలుగు రోజుల ముందు నుంచీ మన తీరమే చెబుతోంది. నేను నీళ్ళు పట్టి ఉంచలేదు. కొవ్వొత్తులు కొనలేదు. టార్చిలో బ్యాటరీలు చూడలేదు. పోయినసారి తప్పించినవాడు ఈసారి తప్పించడా అనుకున్నాను. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. సిగ్నలు పోయే ముందు వాడు గట్టిగా అరిచి చెప్పిన చివరి మాట ఇది: "అమ్మా, మధ్యలో గాలి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని బయటికి వెళ్ళొద్దు. అది తుఫాను కన్ను. వెనక మళ్ళీ వస్తుంది."

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పండక్కి శ్రీకాకుళం జిల్లాలోని సొంతూరు వెళ్ళి, రైళ్ళు రద్దు కావడంతో అక్కడే చిక్కుపడ్డాడు. ఇక్కడ భార్య, చిన్న కూతురు ప్రహరీ పక్కన రేకుల గదిలో ఉన్నారు. గాలి పెరిగాక ఆవిడే కూతుర్ని చంకనేసుకుని పైకి వచ్చి మా తలుపు కొట్టింది. ముందు రోజే నేను పిలవాల్సింది.

ఆ ఉదయం గాలి ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. గంటకు 180 కిలోమీటర్ల వేగం అన్నారు తర్వాత. అంకె వింటే ఏమీ తెలియదు. కిటికీ తలుపులు లోపలికి పొంగుతుంటే మంచం అడ్డం పెట్టి, దాని మీద మా ఆయన వీపు ఆనించి నిలబడ్డారు. వాన నీరు తలుపు కింద నుంచి కాదు, గోడకీ చట్రానికీ మధ్య సందుల్లోంచి చిమ్మింది. ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకు గాల్లో లేచి మా మెట్ల గోడకి తగిలి పగిలింది. నేను దేవుడి గది గడప మీద కూర్చున్నాను. నృసింహ మంత్రం సగంలో మరిచిపోయాను. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన స్తోత్రాలన్నీ కలగాపులగమై పోయాయి. చివరికి మిగిలింది రెండే మాటలు: ఆపు తండ్రీ, ఆపు తండ్రీ. అలా ఎంతసేపు అన్నానో తెలియదు. భయంలో పుట్టిన ఆ పిలుపు అబద్ధమని ఇప్పటికీ అనను. నా జన్మలో అంత నిజంగా దేవుణ్ణి ఎప్పుడూ పిలవలేదు.

మధ్యాహ్నం గాలి ఆగింది.

క్రమంగా తగ్గడం కాదు, ఆగింది. వాన నిలిచింది. ఆకాశం కాస్త తెల్లబడింది. వీధిలోంచి మనుషుల గొంతులు వినపడ్డాయి. నేను ఏడ్చేశాను. విన్నాడు, నా స్వామి విన్నాడు అని పైకే అన్నాను. వాచ్‌మన్ భార్య కూతుర్ని దగ్గరకి లాక్కుని నన్నే చూస్తోంది. "ఇంక భయం లేదే, అయిపోయింది. వెళ్ళి నీ గది చూసుకో. బియ్యం, బట్టలు తడిసిపోయుంటాయి, పైకి తెచ్చుకో" అన్నాను.

"బాబుగారు ఏటో సెప్పారు కదమ్మా, ఆగినా బయటికెళ్ళొద్దని?" అంది ఆవిడ.

అప్పుడు నేనన్న మాట ఇది: "దేవుడి కంటే వాడికి ఎక్కువ తెలుసా?"

ఈ స్వగతమంతా ఆ ఒక్క మాట కోసమే. మూఢత్వం అంటే ఏమీ తెలియకపోవడం అనుకుంటాం. నాకు తెలుసు. చెవిలో వేసి మరీ చెప్పాడు కొడుకు. తెలిసిన దాన్ని పక్కకి తోసి, నా ప్రార్థనకి సమాధానం వచ్చిందని ప్రకటించుకోవాలనే ఆత్రం నన్ను ముంచేసింది. ఆవిడ వెళ్ళనంటే నా దేవుణ్ణి నమ్మనట్టే అన్న ధోరణిలో మాట్లాడాను. జీతం ఇచ్చే ఇంటి ఇల్లాలు, వయసులో పెద్దది, దేవుడి పేరు పెట్టి చెబితే ఆ మనిషి కాదని ఎలా అనగలదు? కూతురు చెయ్యి వదలనంది. ఇద్దరూ మెట్లు దిగారు.

తుఫాను గాలి ఒక కేంద్రం చుట్టూ సుడి తిరుగుతుంది. మన అర్ధగోళంలో గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో. కేంద్రంలో గాలి దాదాపు ఉండదు. దాన్ని చుట్టి ఉన్న మేఘాల గోడలోనే అన్నిటికన్నా ఉధృతమైన గాలి ఉంటుంది. ఆ కేంద్రం ఊరి మీదుగా పోయినప్పుడు ముందు ఒక వైపు నుంచి గాలి, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్ళీ గాలి. మొదటి గాలికి ఒక పక్కకి ఒరిగి వేళ్ళు సడలిన చెట్టు రెండో గాలికి కూలిపోతుంది. మొదటి దానికి మేకులు వదులైన రేకు రెండో దానికి లేస్తుంది. ఇదంతా చదువుకున్న వాళ్ళు నాకు తర్వాత వివరించారు. ఆ రోజు నేను చూసింది, ఆవిడ గది పైకప్పు రేకు ఒకటి లేచి ప్రహరీ దాటి పోవడం, ఇంకొకటి గుమ్మంలోనే ఆవిడ మీద పడడం. మా ఆయన, కింది వాటా అబ్బాయి పాక్కుంటూ వెళ్ళి ఇద్దర్నీ లాక్కొచ్చారు. పాపకి గీత కూడా పడలేదు. ఆవిడ ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా రేకు అంచుకి తెగింది. రోడ్లన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి. ఫోన్లు లేవు. పాత చీర చింపి కట్టిన కట్టుతోనే ఆ రాత్రంతా గడిపింది. మర్నాడు చెట్లు నరికి దారి చేసేదాకా కుట్లు పడలేదు.

నేను ఆ రాత్రి దీపం పెట్టలేదు. కోపంతో కాదు. ఏ ముఖం పెట్టుకుని పెట్టాలో తెలియక.

తర్వాతి రోజుల్లో కరెంటు లేదు, నీళ్ళు లేవు. పాల ప్యాకెట్ కోసం, పెట్రోలు కోసం బారులు. కైలాసగిరి పచ్చదనం పోయి మట్టి రంగు తేలింది. విమానాశ్రయం పైకప్పు చిరిగి వేలాడింది. నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడితే రెండు రకాల మాటలు వినపడేవి. ఊరి పాపాలు పండాయి, దేవుడు శిక్షించాడు అనేవి ఒకటి. అప్పన్న దయ వల్ల ఇంతటితో పోయింది అనేవి ఇంకొకటి. అంతకు ముందైతే రెండో దానికి నేనే ముందు తలూపేదాన్ని. ఇప్పుడు రెండూ ఒకటే అనిపించాయి. గాలిలో దేవుడి చేవ్రాలు చదివేస్తున్నాం, నేను ఆ మధ్యాహ్నం చదివినట్టే.

1934 జనవరిలో బీహారులో భూకంపం వచ్చినప్పుడు, అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీ. ఆయన్ని ఎంతో గౌరవించే రవీంద్రనాథ్ ఠాకూర్ ఒప్పుకోలేదు. ప్రకృతి ఉత్పాతానికీ మనుషుల నీతికీ ముడిపెట్టవద్దని బహిరంగంగా రాశారు. గాంధీ ఆ విమర్శను తన హరిజన్ పత్రికలోనే అచ్చు వేశారు, తన నమ్మకాన్ని మాత్రం వదులుకోలేదు. చదువుకునే రోజుల్లో ఈ సంగతి విన్నప్పుడు నేను గాంధీ వైపు ఉన్నాను. అంటరానితనం పాపం కాదా మరి, అనుకున్నాను. పాపమే. కానీ ఆ భూకంపంలో గోడలు కూలి చచ్చిపోయిన వాళ్ళలో అంటరానివాళ్ళుగా బతుకు వెళ్ళదీసినవాళ్ళూ ఉండి ఉంటారు కదా, వాళ్ళకి ఏ శిక్ష అని అప్పుడు ఆలోచించలేదు.

హుద్‌హుద్ మన దగ్గర బలహీనపడి ఉత్తరానికి పోయింది. రెండు రోజుల తర్వాత దాని తేమ నేపాల్‌లో అన్నపూర్ణ కొండల మీద మంచు తుఫానుగా కురిసి, నలభై మందికి పైగా చనిపోయారు. పర్వతాలెక్కడానికి వచ్చిన విదేశీయులు, వాళ్ళ సామాను మోసేవాళ్ళు, జడల బర్రెల కాపర్లు. మన ఊళ్ళో గాలి పూర్తిగా తగ్గిందని మేము ఊపిరి పీల్చుకున్నాక జరిగింది అది. పేపర్లో ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మా అమ్మ గజేంద్ర మోక్షం రాగం తీసి చదివేది. ఆపదలో పిలిస్తే పలుకుతాడు అనడానికి అదే సాక్ష్యం అనేది. మరుసటి వేసవిలో పోతన భాగవతం అష్టమ స్కంధం తీసి మళ్ళీ చదివాను. నేను ఎప్పుడూ ఆగి చూడని భాగం ఒకటుంది. ఏనుగు పిలవడానికి ముందు ఎంతకాలం పోరాడిందో! వెయ్యేళ్ళ పోరు అది. తన బలమంతా, తన వాళ్ళ బలమంతా అయిపోయాకే ఆ పిలుపు. నేను బిందెడు నీళ్ళు పట్టి ఉంచలేదు. రేకుల గదిలో ఉన్న మనిషిని ముందు రోజు పైకి పిలవలేదు. నా వంతు పని ఏదీ చెయ్యకుండా పిలుపు దగ్గరే మొదలుపెట్టాను. గజేంద్రుడి పేరు చెప్పుకునే అర్హత నాకెక్కడిది?

కుట్లు విప్పించిన రోజున ఆవిడతో క్షమించమన్నాను. ఆవిడకి ఇబ్బందిగా అనిపించింది. "ఊరుకోండమ్మా" అంది. రేకు మీద పడినప్పుడు ఎవర్ని తలుచుకున్నావని అడిగాను. "ఓలమ్మా, దండం ఎట్టుకోడానికి టయిమేదమ్మా? పిల్లని గట్టిగా అట్టుకున్నాను" అంది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన ప్రార్థన ఏదైనా ఉంటే, అది నేను గడప మీద కూర్చుని చేసింది కాదేమో అని అప్పటి నుంచీ అనిపిస్తూ ఉంటుంది.

2018లో మళ్ళీ దసరా రోజులే. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. విశాఖ మీదికి రాలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేల ఎకరాల కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. వాచ్‌మన్ వాళ్ళది ఆ ప్రాంతమే. తెల్లారేసరికి అపార్ట్‌మెంటులో మెట్ల దగ్గర ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు, అప్పన్న మళ్ళీ కాపాడాడని. ఆ మాట అనేవాళ్ళ పక్కనే ఆవిడ ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉంది. ఊరికి లైను కలవడం లేదు. నేను ఆ మాటలో పాలు పంచుకోలేకపోయాను. ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఆ రోజు దేవుడి గదిలో వాళ్ళ ఊరి పేరు చెప్పి, వాళ్ళ నాన్న పేరు, అమ్మ పేరు చెప్పి అడిగాను. గాలిని ఎటూ మళ్ళించమని అడగలేదు. వాళ్ళు ప్రాణాలతో ఉండాలని, తోట పోయినా నిలబడే ధైర్యం ఇమ్మని అడిగాను. సాయంత్రానికి కబురు వచ్చింది. మనుషులు క్షేమం. కొబ్బరి చెట్లు ఒక్కటీ మిగల్లేదు. ఉద్దానంలో కొబ్బరి తోట అంటే కన్న కొడుకుతో సమానం అని ఆవిడ చెబుతూ ఉండేది. ఆ సాయంత్రం ఆవిడకి చెప్పడానికి నా దగ్గర ఏ మాటా లేదు. వాళ్ళాయన్ని ఆ రాత్రే ఊరికి బయల్దేరదీసి, చేతిలో పెట్టగలిగింది పెట్టాను.

మారిపోయానని చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడగానే ఇప్పటికీ నా నోట్లోకి ముందుగా వచ్చేది ఆ పాత మాటే: మా మీద నుంచి తప్పించు స్వామీ. భయం అంత పాతది. దాన్ని బయటికి రానివ్వకుండా మింగడానికి ప్రతిసారీ కష్టపడాలి. మింగాక కిందికి దిగి, బియ్యం, బట్టలు, పిల్ల పుస్తకాలు తీసుకుని ముందు రోజే పైకి రమ్మని వాళ్ళకి చెబుతాను. నీళ్ళు పడతాను. గాలి మధ్యలో ఆగితే తలుపు తియ్యొద్దని ఆ పిల్లకి నేర్పాను. దీపం ఆ తర్వాతే పెడతాను.