పిల్లాడికి ఆటిజమని తెలియకుండా ఏళ్లు నెట్టుకొచ్చే చిట్కాలు (సికింద్రాబాద్ వాసులకు ప్రత్యేకం)

1. మూడేళ్లవాడు పేరు పెట్టి పిలిచినా తిరగడం లేదా? బొమ్మకారు తోలకుండా, తిరగేసి ఒక్క చక్రాన్నే తిప్పుతూ కూర్చుంటున్నాడా? కంగారు పడకండి. "మగపిల్లలకి మాటలు లేటు" అనేయండి. "వాళ్ల నాన్నకీ అయిదేళ్లకే వచ్చాయి" అని నానమ్మ చేత సాక్ష్యం చెప్పించండి. నాలుక్కి వస రాస్తున్నామంటే ఇంకో ఏడాది గ్యారంటీ.

2. బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్ ఛాయలకు పోవద్దు. 1984 నుంచి అక్కడ కేంద్రప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. ఆటిజం తీవ్రతను కొలిచే 40 అంశాల 'ఇసా' పరీక్షను తయారుచేసింది వీళ్లే. ఎక్కడెక్కడి వాళ్లో పిల్లల్నెత్తుకుని రైలెక్కి వస్తారు. మీకేమో ఆటో దూరం, అదే ప్రమాదం! కూరగాయల మార్కెట్‌కి వెళ్లి పొరపాటున లోపలికి అడుగుపెట్టగలరు. బోర్డు కనపడగానే "అది పిచ్చాళ్లది" అని తీర్పు చెప్పి, ఆటోవాణ్ణి తొందరపెట్టండి. ఎదురింటావిడ చూస్తే పరువేం కాను?

3. తప్పు కోడలి మీదకు తొయ్యండి. బెటల్‌హైమ్ అనే పెద్దమనిషి 1967లోనే తల్లిదే లోపమని పుస్తకం రాశాడు. శాస్త్రవేత్తలు ఆ వాదాన్ని ఎప్పుడో చెత్తబుట్టలో వేశారు. మీరు అంతదాకా చదవకండి. కోడలు ఎదురు తిరిగితే టీకాలున్నాయి. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని 2010లో లాన్సెట్ పత్రికే ఉపసంహరించుకుంది. ఆ ముక్క మీ వాట్సాప్‌కి రాలేదుగా!

4. లష్కర్ బోనాలకు తీసుకెళ్లి డప్పుల పక్కనే నిలబెట్టండి. చెవులు మూసుకుంటే చేతులు లాగేయండి, అలవాటవుతుంది. కిందపడి ఏడిస్తే "మొండి వెధవ" అని డప్పుల్ని మించి అరవండి.

5. వాడికి రైళ్లంటే ప్రాణమా? చుట్టాలొచ్చినప్పుడు వాడుకోండి. "తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నంబరెంత నాన్నా?" "12723." చప్పట్లు కొట్టించండి. వాళ్లు వెళ్లాక ఆ కబుర్లే చెప్పబోతే "ఆపరా రైళ్ల గోల" అని టీవీ పెట్టుకోండి.

6. సర్టిఫికెట్ జోలికి పోవద్దు. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ చేతికొస్తే 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కనీ, 'నిరామయ' కింద లక్ష దాకా బీమా అనీ ఒకటే తిరుగుడు. "రేపు చెల్లికి సంబంధాలు రావొద్దూ?" అనండి. చెల్లి ఎల్‌కేజీలో ఉన్నా సరే.

7. వాడి మెదడు అల్లికే వేరనీ, నయం చెయ్యడానికి అది జ్వరం కాదనీ, మాటో బొమ్మల కార్డో నేర్పుతూ మనమూ కొంత సర్దుకోవాలనీ ఎవరైనా అంటే తలూపి లేచొచ్చేయండి. సర్దుకోవడం మన ఇంటా వంటా లేదు. "ఆరు నెలల్లో నయం" అనేవాడి దగ్గరికెళ్లి గొలుసు తాకట్టు పెట్టండి.

8. దాహమైతే వాడు మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళతాడు. అడిగినట్టే కదా అని కరిగిపోకండి. చెయ్యి విదిలించి "నోటితో అడుగు" అనండి. అడగలేక వెళ్లిపోయాడా, మీకు గ్లాసు కడిగే పని తప్పింది.