గుడారికి వచ్చిన కంట్రోలర్ కార్డు ఆత్మకథ

నేనొక సాటా కంట్రోలర్ కార్డుని. అరచేతిలో ఇమిడే బోర్డు, మధ్యలో ఆస్‌మీడియా 1061 చిప్పు, ఓ పక్కన రెండు పోర్టులు, ఇదే నా ఒళ్లు. మదర్‌బోర్డుకీ హార్డ్‌డిస్కులకీ మధ్య రాకపోకలు నడపడం నా పని.

విశాఖపట్నంలోని ఒక కంప్యూటర్ల దుకాణంలో ఉండగా, రాయగడ జిల్లా గుడారి నుంచి ఓ అమ్మాయి వాళ్ల చిన్నాన్నతో వచ్చింది. వాళ్లింటి కంప్యూటర్‌లో ఉన్న నాలుగు సాటా పోర్టులూ నిండిపోయాయి. తాతగారి ఫొటోలు, ఇంట్లో జరిగిన పెళ్లిళ్ల వీడియోలు ఉన్న రెండు డిస్కులకు చోటు లేదు.

"ఆరు పోర్టులది తీసుకుందాం, ముందుముందు పనికొస్తుంది" అన్నాడాయన.

"మన దగ్గర ఖాళీగా ఉన్నది ఒక్క లేను స్లాటే చిన్నాన్నా. రెండు పోర్టులు చాలు" అందా అమ్మాయి.

ఆమె లెక్క సరైనదే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరంలో ఒక లేను, అంటే డేటా నడిచే ఒక దారి, సెకనుకు 500 మెగాబైట్ల వరకు మోస్తుంది. తిరిగే హార్డ్‌డిస్కు వేగం సాధారణంగా 150 నుంచి 200 లోపే. రెండింటికీ ఆ దారి సరిపోతుంది. ఆరు డిస్కులు ఒక్కసారే పనిలోకి దిగితే ఆ 500నే ఆరుగురూ పంచుకోవాలి. పాత పీసీఐ కార్డయితే మొత్తం దారికే సెకనుకు 133 మెగాబైట్లు.

నన్ను కొన్నాక రైల్లో గుణుపురం చేరాం. పర్లాకిమిడి నుంచి 1931లో అక్కడిదాకా పొడిగించిన చిన్నరైలు మార్గమే ఈనాడు బ్రాడ్‌గేజ్. పట్టాల వెడల్పును బట్టే బండి అన్న సంగతి ఆ దారిన తిరిగేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నా లేను సంగతీ అంతే. అక్కణ్ణించి బస్సులో గుడారి.

ఇంటికి చేరాక ఆ అమ్మాయి ముందుగా కంప్యూటర్ కరెంటు ప్లగ్గు పీకేసింది. ఒంట్లోని స్టాటిక్ నా చిప్పుకు తగలకుండా క్యాబినెట్ ఇనుమును తాకింది. వెనకున్న రేకు ఊడదీసి, నా బంగారు పూత పళ్లను స్లాటుకి ఎదురుగా నిలిపి, రెండు చివరలా సమంగా నొక్కింది. పళ్లన్నీ లోపలికి దిగాక స్క్రూ బిగించింది. డిస్కులకు డేటా కేబుల్ నా నుంచి, కరెంటు పవర్ సప్లై నుంచి.

కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ నన్ను గుర్తుపట్టింది. నాది అందరికీ తెలిసిన ఏహెచ్‌సీఐ పద్ధతి, డిస్కులను కలిపి కట్టే రైడ్ మెలికలు లేవు. అందుకే రేపు నేను కాలిపోయినా, ఆ డిస్కులను మరో కంప్యూటర్‌కు తగిలిస్తే తాతగారి ఫొటోలు తెరుచుకుంటాయి. దుకాణం ఇంత దూరంలో ఉన్న ఊళ్లో కార్డుకు ఉండాల్సిన మొదటి గుణం ఇదే.

అయినా నేను దారిని మాత్రమే, భద్రతను కాను. డిస్కు ఎప్పటికైనా పాడయ్యేదే. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. అన్ని ఫొటోలకూ రెండో కాపీ తీసి, ఆ డిస్కును గుణుపురంలో మేనత్తగారింట్లో దాచమని చిన్నాన్న చేతికిచ్చింది. నన్ను కొన్నవాళ్లందరూ ఆ పని కూడా చేయాలని నా కోరిక.