పద్దెనిమిదేళ్ల ఓటు

ఇది మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? నా లెక్కలో చదువంటే ఎంపీసీ ఒక్కటే. పదో తరగతిలో సోషల్ పరీక్ష రాసి బయటికొచ్చిన రోజే, చరిత్రతో, పౌరశాస్త్రంతో ఈ జన్మకిక పని లేదనుకున్నాను. మన ఇళ్లలో అలా అనుకోనివాళ్లు ఎందరుంటారు చెప్పండి?

అందుకే మా అక్క కూతురు ఇంటర్లో హెచ్‌ఈసీ తీసుకుంటానంటే, రెండు గంటలు కూర్చోబెట్టి క్లాసు పీకాను. "కథలు చదువుకోవడానికి కాలేజీ ఎందుకమ్మా?" అన్నాను. ఆ పిల్ల అంతా ఓపిగ్గా విని, వెళ్లి హెచ్‌ఈసీలోనే చేరింది. ఇప్పుడు బీఏ చదువుతోంది.

మొన్న జనవరి 25న, జాతీయ ఓటర్ల దినోత్సవానికి, కాలనీలో కొత్త ఓటర్లతో నాలుగు మాటలు మాట్లాడమని నన్ను పిలిచారు. పొంగిపోయాను. ముందురోజు రాత్రి ఏఐని అడిగితే అర నిమిషంలో ప్రసంగం సిద్ధం. భాష గోదారిలా సాగింది. ఒక్క ముక్క సరిచూసుకోకుండా ప్రింటు తీసుకుని పడుకున్నాను.

మర్నాడు మైకు పట్టుకుని, "1950 నుంచే ఈ దేశం పద్దెనిమిదేళ్లకు ఓటిచ్చింది" అన్నాను. చప్పట్లు. రాజ్యాంగ సభలో దుర్గాబాయి యువత గురించి అన్నారంటూ గొంతు పెంచి నాలుగు వాక్యాలు చదివాను. మళ్లీ చప్పట్లు. ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "బాబూ, 1977 ఎన్నికలప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నాకు ఓటు లేదే?" అక్కడైనా ఆగాల్సింది. ఆగలేదు. "మీ పేరు జాబితాలోకి ఎక్కి ఉండదు లెండి" అనేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. అప్పుడు వెనకనుంచి మేనకోడలు లేచింది. "తాతగారు చెప్పిందే నిజం మావయ్యా. అప్పట్లో ఓటు ఇరవై ఒక్క ఏళ్లకే. 61వ సవరణ పద్దెనిమిదికి తగ్గించింది. 1989 మార్చిలో అమల్లోకొచ్చింది. దుర్గాబాయి గారు ఆ మాటలు ఏ రోజు చర్చలో అన్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి ఇద్దరం రాజ్యాంగ సభ చర్చల్లో వెతికాం. ఆ మాటలు దొరకలేదు.

యంత్రం మీద నెపం వేయను. మాట పక్కన నప్పే మాట పేర్చడం దాని పని. అది నిజమో కాదో చూసుకోవడం నా పని. ఒక మనిషి స్వయంగా బతికిన సంగతిని చేతిలోని కాగితం కోసం కొట్టిపారేశానే, అది ఇప్పటికీ మనసును కోస్తోంది. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎక్కడ రాసి ఉంది అని అడగడం, నేను కథలని తీసిపారేసిన ఆ చదువే నేర్పుతుంది. మేనకోడలూ ఏఐ వాడుతుంది. ముందు తన వ్యాసం తను రాసుకుని, అందులో లోపాలేమిటని దాన్ని అడుగుతుంది. అది చెప్పిన ప్రతి తేదీనీ పుస్తకం తీసి చూసుకుంటుంది. ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఏ అధికరణంలో ఉందని ఆమె చూపిస్తేనే నాకు తెలిసింది. 1976లో చేరిన మాట అది.

మర్నాడు ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆ రెండు గంటల క్లాసుకు మేనకోడలినీ అడిగాను. మీ ఇంట్లో పిల్లలెవరైనా చరిత్ర చదువుతామంటే, నాలా అడ్డుపడకండి. చదవనివ్వండి.