రెండో తాళం లేకుండా హాయిగా బతకడం ఎలా

సెకండ్ హ్యాండ్ కారు బేరమాడేటప్పుడు టైర్లు చూడండి, ఇంజన్ చప్పుడు వినండి, డిక్కీలో మ్యాట్ ఎత్తి తుప్పు వెతకండి. తాళాలు ఎన్ని అని మాత్రం అడక్కండి. లక్షలు పోసి కొంటూ తాళం దగ్గర కక్కుర్తేమిటని అమ్మేవాడు నొచ్చుకుంటాడు. నోరు జారి అడిగారే అనుకోండి, "రెండోది ఇంట్లో ఎక్కడో ఉంది సార్, వెతికి పంపిస్తా" అంటాడు. నమ్మండి. 2014 మోడల్ స్విఫ్ట్ కొన్నప్పుడు నాకూ అదే మాట చెప్పాడు. మూడేళ్లయింది. పాపం, ఇంకా వెతుకుతూనే ఉన్నట్టున్నాడు.

ఇంటికొచ్చాక మీ ఆవిడ రెండో తాళం చేయించమని పోరుతుంది. షోరూంకి ఫోన్ చేస్తే ఆర్‌సీ, ఆధార్ పట్టుకుని బండితో సహా రమ్మంటారు, రేటు వేలల్లో చెబుతారు. ఇంత ఇనప ముక్కకి అంతా అని గట్టిగా అడగండి. తాళం తలలో, ప్లాస్టిక్ లోపల చిన్న చిప్ ఉంటుందని వాళ్లు చెప్పబోతారు. దానికి బ్యాటరీ అక్కర్లేదట. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే కరెంటు అందుకుని తన గుర్తు తను చెప్పుకుంటుందట. ఆ గుర్తు నచ్చితేనే కంప్యూటర్ ఇంజన్‌ని నడవనిస్తుందట. మారుతీ వాళ్లు దీనికి ఐక్యాట్స్ అని పేరు కూడా పెట్టుకున్నారు. మధ్యలోనే ఫోన్ పెట్టేయండి. తాతల కాలం నుంచీ తాళమంటే పళ్లు, అంతే.

తిన్నగా వన్‌టౌన్‌లో గొడుగు కింద కూర్చునే తాళాలాయన దగ్గరికి వెళ్లండి. నూటయాభై రూపాయలు. ఆకురాయితో ఆయన పళ్లు అరగదీస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది, ఇందులో వెటకారం లేదు. ఆ తాళంతో డోరు తెరుచుకుంటుంది, సెల్ఫ్ కొడుతుంది. ఇంజన్ మాత్రం అందుకోదు. అందుకున్నా రెండు సెకన్లలో ఠక్కున ఆగిపోతుంది. మీటర్ బోర్డులో తాళం బొమ్మ లైటు టకటకా కొట్టుకుంటుంది. దాన్ని పట్టించుకోకుండా ముందు పెట్రోల్ పోయించండి. తర్వాత బ్యాటరీ మార్చండి. ఆ తర్వాత ప్లగ్గులు.

అప్పటికీ కదలకపోతే మా బావమరిది చిట్కా ఉంది. ఇది నిజంగా పనిచేస్తుంది, అదే దీంతో వచ్చిన చిక్కు. అసలు తాళంలోని చిప్ బయటికి తీసి, స్టీరింగ్ కింద కవరు విప్పి, ఆ తీగచుట్ట పక్కనే టేపు వేసి అంటించేయండి. ఇక గొడుగు కింద చేసిన తాళంతోనే బండి నడుస్తుంది. ఇగ్నిషన్ తిప్పగలిగే ఏ తాళంతోనైనా నడుస్తుంది. స్క్రూడ్రైవర్‌తో తిప్పినా నడవొచ్చు. దొంగకి ఇంతకన్నా మర్యాద ఏం చేస్తాం?

పాత తాళం డొక్కయిపోతే మూడొందలు పెట్టి ఆన్‌లైన్లో ఖాళీ కేసు తెప్పించండి. బటన్ల బోర్డు ఊడదీసి అందులోకి మార్చి, పాతది చెత్తబుట్టలో వేయండి. చాలా తాళాల్లో చిప్ ఆ బోర్డు మీద ఉండదు, ప్లాస్టిక్ గూట్లో విడిగా అతుక్కుని ఉంటుంది. మున్సిపాలిటీ బండి వెళ్లిపోయాక గుర్తొస్తుంది.

ఆటోనగర్లో లాప్‌టాప్ పట్టుకు తిరిగే కుర్రాడి జోలికి మాత్రం పోకండి. నా దగ్గరున్న ఒక్క తాళమూ తీసుకుని, స్టీరింగ్ కింద సాకెట్‌కి వైరు తగిలించి, పావుగంటలో కొత్త చిప్‌ని బండికి పరిచయం చేస్తానన్నాడు. షోరూం చెప్పినదాంట్లో సగం రేటు. పాత ఓనరు దగ్గర మిగిలిపోయిన తాళాన్ని బండి మెమరీలోంచి తీసేస్తానని కూడా అన్నాడు. అంతా బాగానే ఉంది గానీ, ముందు ఆర్‌సీ చూపించమన్నాడు! నన్నే దొంగలా చూస్తాడా? లేచి వచ్చేశాను. వెనక నుంచి, "సార్, ఒక్క తాళమైనా చేతిలో ఉండగా చేయించుకోండి, అన్నీ పోతే ఖర్చు చాలా పెరుగుతుంది" అని అరిచాడు. వ్యాపారం కదా, అలాగే అంటారు.

కారు పోతే ఇన్సూరెన్స్ ఉందిగా అని నిశ్చింతగా ఉండండి. క్లెయిముకి వెళ్తే రెండు తాళాలూ తెచ్చారా అని అడుగుతారు. ఒకటి పాత ఓనరు వెతుకుతున్నాడనీ, రెండోదాని చిప్ కారులోనే టేపు కింద ఉందనీ ఉన్నదున్నట్టు చెప్పేయండి.

నా మటుకు నాకు ఆ భయం లేదు. ఉన్న ఒక్క తాళమూ మొన్న కృష్ణ పుష్కర ఘాట్‌లో జేబులోంచి జారిపోయింది. కారు సెల్లార్లో భద్రంగా ఉంది. టోయింగ్ బండి సెల్లార్లోకి దిగదు, తాళం లేక స్టీరింగ్ తిరగదు. కొనేవాళ్లుంటే చెప్పండి, రేటు చూసి ఇస్తాను. తాళాలు ఇంట్లోనే ఎక్కడో ఉన్నాయి, వెతికి పంపిస్తాను.